గ్రిల్లెనుక ఎలుగు

మిర్చి బస్తాలు ఏనుమాములల దించి
సక్కగ నా షెడ్డుకే వచ్చిండు ఓదెలు.
బొలెరో ఆగకముందే నాకు తుమ్ములు.
"రెండు పెద్దయి బిగియ్యి, యాకూ,
బయటికి కనవడొద్దు, జాలి ఎనుక పెట్టు.
పొద్దుగూకి ములుగు దాటినంక
అడివంతా నాకు పగలు గావాలె."

బంపరు మీద పెడ్తే కంకర లేసి అద్దం పలుగుతది,
చెక్‌పోస్టు కాడ చెయ్యడ్డం పెడ్తరు,
నాకు తెల్వనిదా.
పగలంతా ఏమెరగనట్టు
మూతి ముడుసుకొని తిరిగే బండి కావాలె ఆయనకు.

బంపరు ఇప్పిన. గ్రిల్లు ఇప్పిన.
రేడియేటర్ సందులల్ల పచ్చపురుగులు,
సీతాకోక రెక్కల పొడి, మిర్చి గింజలు,
ఒక పిట్ట ఈక.
పాత టూత్‌బ్రష్షు తీస్కొని
ఏడాది రాత్రులు ఒక్కొక్కటే కడిగిన.

ఇనుప పట్టీ కోసి, వంచి, బెజ్జాలేసి
రేడియేటర్‌కు రెండేళ్ల సందు ఇడిసిన.
దానికి ఊపిరాడాలె గదా.
బ్యాటరీకి డైరెక్టు తగిలిచ్చి చూస్తే
ఎదుటి సున్నపు గోడ మీద
గ్రిల్లు పట్టీల నీడ,
జైలు కిటికీ అసోంటిది.
ఓదెలు దాన్నే చూసుకుంట నిలవడ్డడు.
"కోసెయ్యి అవి" అన్నడు.
ఆక్సాబ్లేడు పెట్టిన. రెండు పట్టీలు రాలినయి.

అప్పుడు చెప్పిండు, అడగకుండనే.
కార్తీకంల, పస్రా అవుతల మలుపు.
ఎదురుంగ లారీ, నాలుగు తెల్ల లైట్లు,
కండ్లల్ల సున్నం కొట్టినట్టయ్యిందట.
ఆ తెలుపుల ఒక ట్రాక్టర్ ట్రాలీ ఉండె,
పత్తి లోడు, ఎనుక రేడియం ముక్క లేదు.
ఉండె అని తర్వాత తెలిసింది.
ఎడమ సీటు చేరాలుది.
కొత్త రెగ్జిన్ ఏపిచ్చిండు,
ప్లాస్టిక్ కవరు ఇంకా ఇప్పలె.

ఆ లారీకి లైట్లు ఎవలు బిగిచ్చిన్రో
నేను అడగలె.
ములుగు రోడ్డు పొడుగూత నా అసోంటి షెడ్లు పదకొండు.
నా చేతులు గూడ అడగలె.
రిలేకు ఎనభై ఆరో పిన్ను ఎతుక్కుంటున్నయి.

మా అమ్మమ్మోళ్లది తాడ్వాయి దిక్కు.
ఆడ ఎలుగంటే రెండు.
ఒకటి బాట చూపిస్తది,
ఒకటి మొఖం మీద పడి గీరుతది.
గుహల కూసున్నంత సేపు
ఏది ఏదో తెల్వదు.

వేరే స్విచ్చు కావాలన్నడు,
తను ఎప్పుడనుకుంటె అప్పుడు ఎలగాలెనట.
సరే అన్న. స్టీరింగు కింద ఎర్రది పెట్టిన.
పెట్టి, దానికి పోయే వైరును
చెప్పకుండ డిప్పర్ తీగకు కట్టిన.
పెద్ద లైటు తలెత్తితెనే ఇవి లేస్తయి.
అది వంగితే ఇవి గూడ పండుకుంటయి.
టేపు నాలుగు సుట్లు సుట్టిన,
ఇప్పి చూసేటోని ఓపిక సచ్చేటట్టు.

చీకటి పడ్డంక ఇద్దరం పోయినం.
గూడెప్పాడ్ దాటి ఏసిండు.
మోదుగ చెట్టు ఆకు ఆకు లెక్కవెట్టొచ్చు.
కిలోమీటరు రాయి పుట్టిన బిడ్డ లెక్క తెల్లగ.
దూరంగ కుక్క కండ్లు రెండు పచ్చగ మెరిసి పక్కకు జరిగినయి.
"ఇగో, గిట్ల" అన్నడు ఓదెలు,
చాన్నాళ్లకు నవ్విండు గావచ్చు, చెంపలు సాగలె.

ఎదురుంగ ఎక్సెల్ బండి.
గుడ్డి దీపం, ఎనుక గడ్డిమోపు,
మోపు మీద చెయ్యేసి ఒకామె.
ఏండ్ల అలవాటు, ఓదెలు ఏలు డిప్పర్ మీద పడ్డది.
టక్.
బానెట్ కింద రిలే చప్పుడు, అంతే.
రోడ్డు ఎన్కటి రోడ్డయ్యింది.
ఎర్ర స్విచ్చు నొక్కిండు. మల్ల నొక్కిండు.
పచ్చిగడ్డి వాసన మమ్ముల దాటిపోయింది.

"స్విచ్చు ఏసే ఉన్నది గదా?"
"ఉన్నది."
ఇంకేమన్న అంటడేమోనని చూసిన.
నేను కూసున్నది చేరాలు సీటు.
కదిలితే కవరు చప్పుడైతది.
కదల్లె.

కటాక్షపూర్ కట్ట కాడ బండి మలిపిండు.
షెడ్డు కాడ దిగినంక
మాట్లాడుకున్న దానికి
రెండు వందలు తక్కువ చేతుల పెట్టిండు.
లెక్కవెట్టకుండ
జేబుల ఏసుకున్న.